మగ్గాల పాకలో కారు

పోయిన మాఘంలో చల్లపల్లిలో పెళ్లికని మా మనవడు నన్ను కారులో తీసుకువెళ్తుంటే, కంకిపాడు దాటిన కాసేపటికి కారు ముందు నుంచి తెల్లగా ఆవిరి లేచింది. వాడు బండిని పక్కకి తీసి ఎవరికో ఫోను చేశాడు. అరగంటలో మోటారు సైకిలు మీద మెకానిక్కు ఒకతను వచ్చాడు. బానెట్టు ఎత్తి చూసి, జలుబు చేసిందన్నంత తేలిగ్గా, "హెడ్ గాస్కెట్ పోయిందండి" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే, ఎనభై దాటినదాన్ని, వెనక సీట్లో ఒదిగి కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రోడ్డు మీద మమ్మల్ని ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను. మనవడు నవ్వాడు. "ఏంటి నానమ్మా, అంత కంగారు? మన కారే కదా!" అన్నాడు. వాడు ఊరికే అన్న మాట అది. కానీ అసలు సంగతంతా అందులోనే ఉంది. ఆనాటి కారు మాది కాదు.

నేను కాపరానికి వెళ్లింది చల్లపల్లికీ పామర్రుకీ మధ్య ఉన్న ఒక చిన్న ఊరికి. మా మావగారు పుల్లయ్యగారిది నేత ఇల్లు. పెరటి వైపు పొడుగాటి తాటాకుల పాక, అందులో వరసగా నాలుగు గుంట మగ్గాలు. గుంట మగ్గం అంటే నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసేది. ఆ పాకలో ఎప్పుడూ ఉడికిన గంజి వాసన, తడి నూలు వాసన కలిసి ఉండేవి. నేను నేత ఇంటి పిల్లనే కనుక ఆ వాసన నాకు పుట్టింటి వాసన. నేను వెళ్లేసరికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది, నూలు కరువు. నాలుగు మగ్గాల్లో రెండు మూలపడ్డాయి. మూడోది అప్పుడప్పుడూ ఆడేది. మావగారు మాత్రం నూలున్నా లేకపోయినా తెల్లారేసరికి తలకి తుండు చుట్టుకుని తన మగ్గం దగ్గర కూర్చునేవారు. కోడలితో నేరుగా మాట్లాడే అలవాటు ఆయనకి లేదు. దాహమైతే పాక మధ్య స్తంభం, ఆ నిట్రాడతో చెప్పేవారు, "ఎవరైనా కాసిని మంచినీళ్లిస్తే బాగుణ్ను" అని. నేను చెంబు తెచ్చి అక్కడ పెట్టి వెళ్లేదాన్ని. రెండేళ్లు అలాగే గడిచింది.

మా ఆయన వెంకటేశ్వర్లు ఆ నూలు కరువులోనే మగ్గం వదిలి, బెజవాడలో ఒక మోటారు షెడ్డులో కొన్నాళ్లు పనిచేసి డ్రైవింగు నేర్చుకుని వచ్చారు. (విజయవాడని అప్పుడు అందరం బెజవాడే అనేవాళ్లం.) మా ఊళ్లో బియ్యం మిల్లున్న నాగభూషణంగారి దగ్గర డ్రైవరుగా కుదిరారు. ఊరు మొత్తానికి కారున్నది ఆయనకే. పెట్రోలు కూపన్ల మీద ఇచ్చే రోజులు కనుక అది బయటికి వచ్చేదే తక్కువ. వచ్చినప్పుడు మాత్రం ఆడవాళ్లం తలుపు చాటు నుంచి చూసేవాళ్లం. నాగభూషణంగారు చెడ్డవాడని నేను అనను. కానీ కారు విషయంలో ఆయన తల్లి పెద్దమ్మగారికీ ఆయనకీ ఒక నియమం ఉండేది. ఇంట్లోవాళ్లు తప్ప ఇంకొకరు ఆ సీటు మీద కూర్చోకూడదు. ఒకసారి పాము కరిచిన పాలేరుని తీసుకెళ్లమని అడిగితే, బండి కట్టుకుని వెళ్లమన్నారు. ఇది ఊళ్లో అందరికీ తెలుసు.

మా ఆడబిడ్డ రత్నం తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. నాకంటే ఏడాది చిన్నది. ఆదివారం పొద్దున మొదలైన నొప్పులు సోమవారం పొద్దెక్కినా తెగలేదు. మంత్రసాని చేతులు కడుక్కుని బయటికి వచ్చి, "బిడ్డ అడ్డం తిరిగిందమ్మా, నా చేతిలో లేదు. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకుపోతే ఏమైనా..." అని ఆపేసింది. ఎడ్లబండి మీద బెజవాడ అంటే ఆ రోజంతా పడుతుంది. కాలవలో పడవైతే ఇంకా ఎక్కువ. రత్నం అప్పటికే అరవడం మానేసింది. అరిచినంతసేపూ భయం వేసింది కానీ, అరుపు ఆగాక వేసిన భయం వేరు. నాగభూషణంగారు ముందు రోజే మద్రాసు వెళ్లారు. శనివారం పొద్దున వచ్చే మెయిలు రైలుకి బెజవాడ స్టేషనుకి కారు తీసుకురమ్మని మా ఆయనతో చెప్పి వెళ్లారు. షెడ్డు తాళం మా ఆయన మొలతాడుకే ఉంది. ఆయన గుమ్మంలో నిలబడి చెల్లెలి వైపు ఒకసారి చూశారు, తండ్రి వైపు ఒకసారి చూశారు. ఆయన వెళ్లి, మిల్లు కాపలావాడితో టైరు బాగుచేయించడానికి బెజవాడ వెళ్తున్నానని అబద్ధం చెప్పి, కారు తెచ్చి మా పెరటి దారిలో పెట్టారు.

రత్నం తల నా ఒళ్లో, కాళ్లు అత్తగారి ఒళ్లో. సీటు మీద పాత చీరలు నాలుగు మడతలు పరిచాను. నేను కారెక్కడం అదే మొదటిసారి. దాని సుఖం ఎలాంటిదో ఇప్పటికీ చెప్పలేను, నా చూపంతా రత్నం పెదాల మీదే ఉంది. ఉయ్యూరు ఇంకా రాకముందే ఇంజను ముందు నుంచి ఆవిరి రావడం మొదలైంది. నీళ్లు పోయే రబ్బరు గొట్టం ఎక్కడో చిట్లిందని, కంగారులో బయల్దేరే ముందు చూసుకోలేదని మా ఆయన తర్వాత చెప్పారు. కాలవ గట్టున ఆపి, తుండు చేతికి చుట్టుకుని రేడియేటరు మూత తిప్పారు. మరిగే నీళ్లు ఒక్కసారి ఎగజిమ్మాయి. ఆయన కుడి అరచెయ్యి, మణికట్టు దాకా కాలిపోయింది. కేక పెట్టలేదు. గొట్టం చిట్లిన చోట నా కొంగు చింపి గట్టిగా చుట్టి, ఎడం చేత్తో బిందెడు కాలవ నీళ్లు తెచ్చి ఆ మండే ఇంజనులో పోశారు. "చల్లారనివ్వరా అబ్బాయ్" అని అత్తగారు అంటే, "ఇది చల్లారేదాకా ఉంటే రత్నం చల్లారిపోద్దే అమ్మా" అన్నారు. లోపల ఇనుము ఎక్కడో ఠంగుమన్న చప్పుడు నాకు కూడా వినిపించింది.

ఆ పూట ఎలాగో చేరాం. సాయంత్రానికి డాక్టరమ్మ పటకార్లు వేసి బిడ్డని తీసింది. ఆడపిల్ల, తల పక్కన రెండు నొక్కులతో. రత్నం బతికింది. అత్తగారు ఆసుపత్రిలో ఉండిపోయారు. మంగళవారం పొద్దున, నర్సమ్మ కట్టిన కట్టుతో ఆయన, ఆయన పక్కన నేను, తిరిగి బయల్దేరాం. కొంత దూరం బాగానే వచ్చాం. పామర్రు దాటాక ఇంజను దగ్గుతూ, ఊపు తగ్గుతూ, తెల్లటి పొగ కక్కుతూ, మా ఊరు ఇంకా రెండు మైళ్లుందనగా తుమ్మచెట్ల కింద ఆగిపోయింది. ఆయన స్టీరింగు మీద నుదురు ఆనించి, "గాస్కెట్ పోయింది సుభద్రా. హెడ్డు కూడా చీలిందేమో" అన్నారు. గాస్కెట్ అంటే ఏమిటని నేను అడగలేదు. ఆయన గొంతు వింటే ప్రాణం పోయే జబ్బు పేరులా ఉంది.

కోటయ్య ఎడ్లు తెస్తానని ఆయన పొలాలకి అడ్డంపడి వెళ్లారు. కోటయ్య మా పక్కింటి రైతు, మా ఆయనకి చిన్నప్పటి నుంచి నేస్తం. నన్ను కారు దగ్గర కూర్చోబెట్టి వెళ్లారు. మిట్టమధ్యాహ్నం. గట్టు మీద నడిచి వెళ్తున్న ఒక ముసలాయన ఆగి, చేతికర్ర మీద ఆనుకుని, "ఇది మిల్లుగారి కారు కదమ్మాయ్?" అన్నాడు. "కాదండీ, బందరు వాళ్లది" అన్నాను. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయాడు. అంత పచ్చి అబద్ధం ఆడటం నా బతుకులో అదే మొదలు. ఆ వారంలో అవి ఎన్ని అయ్యాయో లెక్క మర్చిపోయాను.

కోటయ్య ఎడ్లతో కారుని డొంకదారి వెంట లాక్కొచ్చి, పాక చివర తడిక విప్పి, మూలపడ్డ రెండు మగ్గాలూ పీకేసి, గుంటల మీద పలకలు వేసి, కారుని లోపలికి తోశారు. మధ్యలో దూలానికి దుప్పట్లు వేలాడదీశాం. ఇవతల రెండు మగ్గాలు, అవతల మిల్లువారి కారు. మావగారు అదంతా చూస్తూ నిలబడి, చివరికి నిట్రాడతో అన్నారు, "ఉద్యోగం పోతే పోయింది. జైల్లో పెడితేనో?" బెజవాడలో తెలిసిన షెడ్డుకి తీసుకుపోదామంటే అక్కడ అందరూ నాగభూషణంగారి కారుని ఎరుగుదురు. పైగా ఆ యుద్ధం రోజుల్లో కొత్త గాస్కెట్ దొరకాలంటే నెలలు పడుతుంది. మాకున్నది శుక్రవారం మధ్యాహ్నం దాకా.

బుధవారం పొద్దున, ఇంజను మీద మూతలా ఉండే ఆ హెడ్డు విప్పడం మొదలుపెట్టాం. మొదలుపెట్టాం అనడం ఎందుకంటే, ఆయన కుడి చెయ్యి గుమ్మడికాయలా ఉబ్బింది, స్పానరు పట్టడానికి వేళ్లు ముడుచుకోవడం లేదు. కోటయ్యకి బలం ఎక్కువ, ఓపిక తక్కువ. ఒక నట్టు తిప్పబోయి దాదాపు విరిచినంత పని చేశాడు. మా ఆయన నా వైపు చూసి, "నువ్వు పట్టుకో. నేను చెప్తాను" అన్నారు. ప్లగ్గు తీగలు నాలుగూ ఒకలాగే ఉన్నాయి, ఏది ఎక్కడిదో మర్చిపోతామని ఒక్కోదానికి ఒక్కో రంగు నూలు పోగు కట్టాను. నట్లు ఏ వరసలో తీశామో ఆ వరసలోనే చేటలో పేర్చాను. అన్నీ విప్పినా హెడ్డు కదల్లేదు. చెక్క ముక్క అడ్డం పెట్టి చుట్టూ మెల్లగా కొట్టి, తాళ్లు కట్టి దూలం నుంచి లాగితే, చప్‌మని ఊడి వచ్చింది. కింద నాలుగు నల్లటి గుండ్రటి గోతులు. ఆయన వాటిని చూడలేదు. హెడ్డు బోర్లించి, తడిగుడ్డతో తుడిచి, వేలి గోరుతో అంగుళం అంగుళం తడిమి, చివరికి నేలమీద చతికిలబడి, "చీల్లేదు" అన్నారు. అప్పుడు చూపించారు గాస్కెట్‌ని. విసుర్రాళ్ల మధ్య పిండి ఉన్నట్టు ఆ రెండు ఇనుప ముక్కల మధ్య ఉండే పల్చటి రేకు అది. లోపలి నిప్పునీ, నీళ్లనీ ఒకదానితో ఒకటి కలవనివ్వకుండా ఆపేది అదే. నడిమి రెండు గోతుల మధ్య అది కాలి, నల్లగా చీలి ఉంది.

ఆ రేకు ఎక్కడ తేవాలి? నీళ్లు కాచుకునే రాగి డేగిసా ఒకటి ఉండేది ఇంట్లో, అత్తగారి పుట్టింటివారు పెట్టింది. మావగారు ఎవరినీ అడగకుండా దాన్ని గోనెలో చుట్టి, పక్క ఊరి కంచరి దగ్గర కోయించి సాగగొట్టించుకొస్తానని బయల్దేరారు. ఎందుకని కంచరి అడిగితే ఏం చెప్తారని మా ఆయన భయపడితే, "దేవుడి పీటకి రేకు తాపడం అని చెప్తా" అన్నారు. అబద్ధమాడితే నేసే బట్టలో పోగు తెగుతుందని నమ్మే మనిషి ఆయన.

ఆయన అలా వెళ్లిన గంటకి వీధివైపు నుంచి చెప్పుల చప్పుడు, చేతికర్ర చప్పుడు వినిపించాయి. మిల్లు గుమాస్తా శేషయ్యగారిది ఆ నడక. మా ఆయన బెజవాడలో ఉన్నట్టు లెక్క. పారిపోవడానికి తోవ లేదు. ఆయన ఒక్క గెంతున ఖాళీగా ఉన్న మూడో మగ్గం గుంటలో దిగి ముడుచుకున్నారు. పైన చాప కప్పేసి, నేను మావగారి మగ్గం మీద కూర్చుని పోగు వేసే నాడె విసరడం మొదలుపెట్టాను. చేతులకి ఇంజను మసి. దాన్ని బట్ట కింద దాచుకోవడానికి ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాను.

"ఏమ్మా, పుల్లయ్య లేడా?" అంటూ శేషయ్యగారు పాకలోకే వచ్చేశారు.

"పక్క ఊరెళ్లారండి."

"వెంకటేశ్వర్లు?"

"బెజవాడలోనే ఉన్నారండి. శనివారం అయ్యగార్ని తీసుకొస్తారు."

"మీ ఆడబిడ్డని ఆసుపత్రికి తీసుకుపోయారంటగా. ఎట్లా పోయారు?"

"పడవలోనండి."

ఆయన చేతికర్రతో నేల మీద గీతలు గీస్తూ రెండడుగులు ముందుకి వేశారు. ఇంకొక్క అడుగు వేస్తే చాప మీద కాలు. "కాలవ గట్టున మన కారులాంటిది ఎడ్లు లాక్కెళ్లాయని ఒకాయన అంటున్నాడు" అని, ముక్కు ఎగబీల్చారు. "ఏంటమ్మా, కిరసనాయిలు వాసన?"

"నల్లులండి. మగ్గం సందుల్లో పోశాం."

"ఆ దుప్పట్లేంటి?"

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. "అటు రాకండి శేషయ్యగారూ, పురిటి మైల! రత్నం రాత్రంతా నొప్పులు పడింది ఆ మూలేనండి. గుడ్డలవీ ఇంకా తియ్యలేదు, శుద్ధి కాలేదు."

నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతారాయన. పై పంచె ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ముందే చెప్పొద్దటమ్మా!" అంటూ వెళ్లిపోయారు. చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా నేను నేస్తూనే ఉన్నాను. తర్వాత చూస్తే ఆ జానెడు బట్టా పనికిరాకుండా పోయింది, పోగులన్నీ అడ్డదిడ్డం. చాప తీస్తే మా ఆయన మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, కాలిన చెయ్యి గుండెకి అదుముకుని ఉన్నారు. ఇద్దరం నవ్వాలనుకున్నాం. నవ్వు రాలేదు.

గురువారమంతా రేకు పని. పాత గాస్కెట్‌కి దీపం మసి పూసి రాగి రేకు మీద అచ్చు వేశాం. పెద్ద గోతులు ఆయన చెప్తుంటే కోటయ్య ఉలితో కోశాడు. చిన్న చిల్లులు, అంచులు నేను చేశాను. ఒక చిల్లు గీత అవతలికి జరిగిందనిపించింది. మళ్లీ మళ్లీ కొలుచుకుంటే సరిగ్గానే ఉంది. ఆ తర్వాత రేకుని పిడకల మంటలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాం. ఇనుముని అలా చేస్తే గట్టిపడుతుందిగానీ రాగి మెత్తబడుతుందని ఆయన షెడ్డులో చూశారట. నిజంగానే తడి చీర పట్టుకున్నట్టుంది చేతిలో.

బిగించేటప్పుడు అసలు భయం. ఇరవై దాకా నట్లు. ఒకటి ఎక్కువ బిగిస్తే లోపలి మేకు పుటుక్కున విరుగుతుంది, విరిగితే ఇంక ఎవరూ ఏమీ చేయలేరు. తక్కువ బిగిస్తే ఆవిరి తన్నుకొస్తుంది. నా చెయ్యి నట్టు మీద ఉండగా ఎక్కడో కీచుమంది. నేను స్పానరు వదిలేసి ఏడ్చాను. "నా వల్ల కాదండీ" అన్నాను. మా ఆయన ఏదో అనబోయారు. అంతలో మావగారు తన మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చారు. నిట్రాడతో కాదు, దూలంతో కాదు, నా మొహంలోకి చూసి మాట్లాడారు.

"పడుగు బిగించేటప్పుడు ఏం చేస్తావమ్మా? ఒక కొస లాగేసి రెండోది వదిలేస్తావా? నడిమి నుంచి మొదలెట్టు. ఇటో పిసరు, అటో పిసరు. నీ చేతికి తెలుసు. భయపడుతూనే చెయ్యి, ఫరవాలేదు."

భయపడుతూనే చేశాను. నడిమి నుంచి బయటికి, ఎదురెదురుగా, మూడు చుట్లు.

శుక్రవారం పొద్దున మిల్లు ఇంజను మొదలై ఊరంతా దడదడలాడుతున్నప్పుడు, ఆ చప్పుడు చాటున కోటయ్య హ్యాండిలు తిప్పాడు. ఒకటి, రెండు, మూడు. ఏమీ లేదు. నాలుగోసారి కారు దగ్గి, మళ్లీ దగ్గి, అందుకుంది. కోళ్లు చెల్లాచెదరయ్యాయి. మా ఆయన హెడ్డు అంచు వెంట చెవి పెట్టి చూస్తున్నారు, నేను ఆయన మొహం చూస్తున్నాను. ఆవిరి లేదు. వేడెక్కాక ఆపి, నా చేత ఇంకొక చుట్టు బిగింపించారు. సీటుకి అంటిన రక్తం కుంకుడు రసంతో మూడుసార్లు కడిగాను. మధ్యాహ్నం ఊరు భోంచేసి కునుకు తీసే వేళ తడిక విప్పితే, కారు డొంకదారిన వెళ్లిపోయింది. పాకలో నేలమీద నల్లటి నూనె మరక మిగిలింది. దాని మీద పేడనీళ్లతో అలికి, మగ్గాలు మళ్లీ నిలబెట్టుకున్నాం.

శనివారం పగలు ఎలా గడిచిందో అడగకండి. మావగారు మగ్గం మీద కూర్చున్నారు కానీ నాడె ముట్టుకోలేదు. పొద్దు తిరిగాక కారు హారను వినిపించింది. బంగళా వైపు కాదు, మా వీధిలో. మా గుమ్మం ముందే ఆగింది. నాగభూషణంగారు దిగారు. మా ఆయన తల వంచుకుని బానెట్టు పక్కన నిలబడ్డారు. ఏం జరిగిందో తర్వాత తెలిసింది. స్టేషన్లోనే నాగభూషణంగారు, "చేతికి ఆ కట్టేంట్రా?" అన్నారట. "రేడియేటరు ఆవిరి కొట్టిందండి" అన్నారట ఈయన. ఎప్పుడు, ఎక్కడ అని అడిగేసరికి అంతా చెప్పేశారట. కారు దాచాం, రక్తం కడిగాం, మరక అలికాం. ఆ చెయ్యి ఎక్కడ దాచాలో నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

చూస్తుండగానే వీధి నిండింది. మావగారు చేతులు కట్టుకుని అరుగు దిగారు. నేను తలుపు వెనక గొళ్లెం పట్టుకుని నిలబడ్డాను.

"ఏం పుల్లయ్యా, నీ కూతురు చావుబతుకుల్లో ఉంటే, అడిగితే నేను ఇవ్వనంటానా?" అన్నారు నాగభూషణంగారు, వీధి వీధంతా వినేలా. "మా అమ్మనడిగితే ఇవ్వనంటుందా? దొంగలా పట్టుకుపోవడమేంటయ్యా? అంత కసాయివాణ్నా నేను?" మావగారు, "తప్పయిపోయింది బాబూ" అన్నారు. ఆయన బానెట్టు ఎత్తించి చూసి, "బండి మాత్రం మెత్తగా వచ్చింది. ఎవడు బిగించాడ్రా?" అన్నారు. "మా ఇంటిదండి" అన్నారు మా ఆయన. నాగభూషణంగారు పగలబడి నవ్వారు. వీధంతా నవ్వింది. మా ఆయన్ని పనిలోంచి తియ్యలేదు. ఆ రోజు నుంచి షెడ్డు తాళం మాత్రం నాగభూషణంగారు తన బొడ్లోనే పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం బావి దగ్గర చెయ్యి తడవకుండా కాళ్లు కడుక్కుంటూ మా ఆయన మెల్లగా అన్నారు, "ఇచ్చేవాడు కాదు సుభద్రా. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే అడగలేదు." అది నిజం. ఇప్పుడు మనవడు ఫోను తీస్తే మనిషి వస్తాడు. కాన్పు కష్టమైతే అంబులెన్సు గుమ్మంలోకి వస్తుంది, ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. మా కాలం మంచిదని నా ఈడువాళ్లు అంటుంటే నేను తలూపను. అరిటాకు భోజనాలు, వెన్నెలా నాకూ గుర్తున్నాయి. కానీ వాటికంటే ముందు గుర్తొచ్చేది, ఒకరిని సాయం అడగడానికి మేం ఎంత భయపడ్డామో అది. చావుకి కూడా అంత భయపడలేదు.

మరుసటి వానాకాలం కోటయ్య భార్య మంగమ్మకి అలాగే అయింది. కోటయ్య మా అరుగు మీద కూలబడి మా ఆయన వైపు చూశాడు. తాళం ఆయన దగ్గర లేదు. ఆయన మొహం తెల్లబోయింది. నేను ఎవరికీ చెప్పలేదు. వానలో కొంగు తల మీద వేసుకుని బంగళాకి నడిచాను. ఆ మెట్లు నేను అంతకుముందు ఎక్కలేదు. నాగభూషణంగారు వసారాలో పడక కుర్చీలో ఉన్నారు. చుట్టూ మనుషులున్నారు, శేషయ్యగారున్నారు.

"బాబుగారూ, కోటయ్య భార్యకి ప్రాణం మీదికొచ్చిందండి. కారు కావాలండి."

నాగభూషణంగారి కళ్లు చిన్నవయ్యాయి. నేను ఇంకొక్క మాట అన్నాను. అది ఎలా అన్నానో తెలీదు. "అడిగితే ఇవ్వనంటానా అన్నారుగా అండీ. అందుకని అడగడానికొచ్చానండి."

ఆయన నన్ను చూశారు, పక్కనున్నవాళ్లని చూశారు, మళ్లీ నన్ను చూశారు. బొడ్లో చెయ్యి పెట్టి తాళం తీసి, నా చేతికి ఇవ్వలేదు, మెట్టు మీదికి విసిరారు. నేను వంగి తీసుకుంటుంటే లోపలి నుంచి పెద్దమ్మగారి గొంతు వినిపించింది. "ఎవర్రా ఆ పిల్ల?"

"మన కారు బిగించిన పిల్లమ్మా" అన్నారు నాగభూషణంగారు. ఈసారి నవ్వలేదు.

మంగమ్మ దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ రోజు తాళం పట్టుకుని వానలో దారంతా పరిగెత్తుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చి చూసుకుంటే గుప్పిట తెరుచుకోలేదు. మా ఆయనే ఒక్కొక్క వేలూ విప్పి తాళం తీసుకున్నారు.